పిండిమరల యజమాని వాష్‌బర్న్ మహాశయుని జీవితము

మన సంఘ వార్షిక మహాసభా సందర్భమున ప్రకటింపబడు సంచికకు ఏదైన నొక మహనీయుని చరిత్రమును వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఇట్టి సంచికలలో సాధారణముగా మన కులమున జన్మించి సత్రములు, పాఠశాలలు, దేవాలయ మంటపములు కట్టించిన దాతల చరిత్రములే ప్రకటింపబడుచుండును. అది యుచితమే. మేమును లోగడ నట్టివి రెండు మూడు వ్రాసియున్నాము. ఈ పర్యాయము మాత్రము సముద్రముల కావల, అమెరికా దేశమున పుట్టి, అక్కడనే గతించిన యొక పిండిమరల యజమాని కథను వ్రాయ నెంచితిమి. ఆయన మన కులమువాడు కాడు, మన మతమువాడును కాడు. అయినను మన తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతములందలి సంఘీయులలో ననేకులు వడ్లమరలవలనను, ధాన్యపు వర్తకమువలనను వృద్ధికి వచ్చినవారు గనుక, ఆయన కథ మన యింటి కథవలెనే యుండునని మా నమ్మకము.

మన తడకు తూర్పున పులికాటు సరస్సును, బకింగుహాము కాలువయు గలవు. ఊరికి ఆనుకొని రైలుదారి కలదు. పూర్వము ఈ సీమ ధాన్యమును, ఉప్పును, సరుగుడు కట్టెలును కాలువలో పడవలమీదనే చెన్నపట్టణమునకు పోవుచుండెడివి. 1899 లో బెజవాడ చెన్నపట్టణముల నడుమ రైలు నడచిన పిమ్మట బస్తాలు పడవలను విడిచి వ్యాగనుల నెక్కినవి. ఈ దారిలోని యూళ్లలో మరలును గూడ్సుషెడ్లకు చేరువకు వచ్చినవి. దీనికి కారణము తెలియనివారు మన సంఘములో లేరు. బస్తా ఎన్ని మారులు తలమీదికెక్కి దిగునో అన్ని మారులు కూలి; మరయొక్క గోడకును రైలుపట్టాకును నడుమ నెంత తక్కువ దూరమున్న నంత లాభము. ఈ సూత్రమునే వాష్‌బర్న్ మహాశయుడు మిక్కిలి పెద్ద కొలతలో నాచరించి చూపెను.

ఈ కథను ఎన్నుకొనుటకు మాకు వేరొక కారణమును గలదు. మేము ఉద్యోగమునందున్న కాలమున, ఇప్పటికి ముప్పదియేండ్లకు పైబడినది, మా తరగతిలో నొక బాలుడు శబ్దమంజరిని చక్కగా వల్లించుచుండెడివాడు. వాని తండ్రి ఒక రైలుస్టేషను సమీపమందలి మరలో పనివాడు. ఆ మర యేదియో, ఆ యూరేదియో ఇచ్చట నప్రస్తుతము. ఒకనాటి రాత్రి తిరుగుచున్న బెల్టులో పంచె చిక్కి ఆ తండ్రి మరణించెను. యజమాని దహనసంస్కారమునకు సొమ్మును, ఇంటికి రెండు బస్తాల బియ్యమును పంపెను. అంతకు మించి యడిగినవారును లేరు. నెల తిరుగకమునుపే బాలుడు బడి మానెను. హాజరుపట్టీనుండి వాని పేరు కొట్టివేసినది మా చేతితోనే. మేమైనను వాని యింటికి పోయి విచారింపక, పేరు కొట్టివేసి యూరకుంటిమి. ఆ గీత నేటికిని మా మనస్సున నున్నది. వాష్‌బర్న్ కథను మొదట చదివినపుడు మాకు తోచినది ఆ బాలుడే.

కాడ్వలాడర్ కోల్డెన్ వాష్‌బర్న్ 1818 వ సంవత్సరము ఏప్రిల్ 22 వ తేదీన, అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈశాన్యపు కొననున్న మెయిన్ రాష్ట్రమున, లివర్‌మోర్ అను పల్లెయందు జనించెను. తండ్రి ఇజ్రాయెల్ వాష్‌బర్న్ చిల్లర యంగడి నడుపుచు కొంత సేద్యము చేయుచుండెను. తల్లి పేరు మార్తా. 1829 లో అంగడి దివాలా తీసెను. ఆ నాటికి కాడ్వలాడరునకు పదునొకండేండ్లు. చలిదేశము, రాతినేల, ఇంటినిండ పిల్లలు. అట్టి సంసారమున పిల్లలు ఒక్కరొక్కరుగా పరుల యిండ్లలోను, అంగళ్లలోను పనికి కుదురుకొని, మిగిలిన వేళలందు చదువుకొనిరి.

ఆ యింట పెరిగిన కుమారులేడ్వురి కథయు చెప్పదగినదే. పెద్దవాడు ఇజ్రాయెల్ తమ రాష్ట్రమునకు గవర్నరయ్యెను. ఎలిహూ ఇల్లినాయి రాష్ట్రమునుండి శాసనసభకు ఎన్నికై, పిమ్మట పారిసు నగరమున అమెరికా రాయబారియై, 1870 లో జర్మనులు ఆ నగరమును ముట్టడించినపుడు కదలక యచ్చటనే యుండెను. చార్లెస్ పరాగ్వే దేశమున రాయబారి. సిడ్నీ బ్యాంకు నడిపెను. శామ్యూల్ నావికుడయ్యెను. కడగొట్టువాడు విలియము మిన్నెసోటా రాష్ట్రమునుండి సెనేటు సభ్యుడయ్యెను. 1855 మొదలు 1861 వరకు ఇజ్రాయెల్, ఎలిహూ, కాడ్వలాడర్ అను మువ్వురు సోదరులు మూడు వేరువేరు రాష్ట్రములకు ప్రతినిధులై ఒకే శాసనసభలో కూర్చుండిరి. దివాలా తీసిన యంగడి యింటనుండి ఇందరు వెలువడుట యరుదు. అన్నదమ్ములు వ్యవహారములలో నొకరికొకరు అప్పులిచ్చుకొనుటయు, హామీలు పడుటయు, నడుమనడుమ విసుగుకొనుటయు కలదు గాని, వంశము చీలిపోలేదు.

కాడ్వలాడర్ 1839 లో పడమటిదేశమునకు బయలుదేరి, మిసిసిపీ నదీతీరమున డావెన్‌పోర్టు అను క్రొత్త యూరు చేరెను. అచ్చట కొంతకాలము బడిపంతులుగా నుండెను. మా వృత్తిని కొన్నాళ్లు చేసి విడిచిపెట్టి ధనవంతులైనవారు లోకమున ననేకులు గలరు; ఇతడును వారిలో నొకడు. తరువాత అంగడిలో గుమాస్తాగాను, భూములు కొలుచువాడుగాను పనిచేయుచు, న్యాయశాస్త్రము చదివి, 1842 లో విస్కాన్సిన్ సీమయందు సీసపుగనులకు పేరొందిన మినరల్ పాయింటు అను నూరిలో వకీలుగా కుదురుకొనెను.

వకీలుపనికంటె భూవ్యాపారమే యితనిని పైకి తెచ్చినది. 1844 లో సైరస్ వుడ్‌మన్ అను నతనితో కూడి కూటువర్తకము ప్రారంభించెను. ప్రభుత్వ భూములను కొనుట, కొనగోరువారికి కొనిపెట్టుట, అప్పులిచ్చుట, సైనికులకు ప్రభుత్వమిచ్చిన భూమిపత్రములను వెలకు తీసికొనుట, దేవదారు అడవులను కొట్టించి కలప నమ్ముట వీరి పనులు. 1855 లో కూటువ విడిపోయినను స్నేహము చెడలేదు. వర్తకమున నిది చిన్న విషయము కాదని మన పెద్దలకు తెలియును. అయితే ఈ భూములన్నియు పూర్వము ఆ దేశపు ఆదిమజాతులవి. ఒడంబడికల పేర వారిని వెడలగొట్టిన పిమ్మటనే అవి యంగడి సరకులైనవి. వాష్‌బర్న్ ఐశ్వర్యమునకు మూలము చెప్పునపుడు ఈ మాటను దాచుట ధర్మము కాదు.

1849 జనవరి 1 వ తేదీన ఇతడు జెనెట్ గార్ అను కన్యను పెండ్లాడెను. ఇద్దరు కుమార్తెలు కలిగిరి. రెండవ బిడ్డ 1852 లో పుట్టిన పిదప భార్యకు మతి చలించెను. వైద్యములు ఫలింపలేదు. ఆమె తక్కిన జీవితమంతయు చికిత్సాలయములందే గడపెను. అతడు మరల వివాహము చేసికొనలేదు. పిల్లలు బంధువుల యిండ్లలో పెరిగిరి. శాసనసభలు, సేనలు, మరలు అని ఇతడు జీవితమంతయు తిరుగుచునే యుండుటకు ఇంట దీపము పెట్టువారు లేకపోవుటయు నొక కారణమని మా తలంపు.

రాజకీయములను, యుద్ధమును గూర్చి సంగ్రహముగా చెప్పెదము. బానిసత్వమును వ్యతిరేకించు పక్షమున ఇతడు 1855 మొదలు 1861 వరకును, మరల 1867 మొదలు 1871 వరకును శాసనసభ్యుడుగా నుండెను. ఉత్తర దక్షిణ రాష్ట్రములకు యుద్ధము వచ్చినపుడు ఒక గుఱ్ఱపుదళమునకు అధిపతియై చేరి, 1862 లోనే మేజర్ జనరల్ పదవి నందెను. 1864 ఆగస్టు 21 వ తేదీ తెల్లవారుజామున మెంఫిస్ నగరమున ఇతడు నిద్రించుచుండగా శత్రుసేనాని ఫారెస్టు హఠాత్తుగా పైబడెను. మన సేనాపతి రాత్రి యుడుపులతోనే సందులవెంట పరుగెత్తి కోట చేరుకొనెను. అతని సైనిక వేషము శత్రువులకు చిక్కినది. పిమ్మట ఫారెస్టు దానిని మర్యాదగా తిరిగి పంపగా, వాష్‌బర్న్ ఆ ఫారెస్టునకు పూర్వము బట్టలు కుట్టిన దర్జీచేతనే క్రొత్త యుడుపు కుట్టించి అతనికి పంపెనని చెప్పుదురు. శత్రువులయం దిట్టి మర్యాద యుండుట మెచ్చదగినదే గాని, ఆ పరుగును మాత్రము అతని మిత్రులు చాలకాలము మరవలేదు.

ఇక అసలు విషయమునకు వచ్చెదము. మిసిసిపీ మహానది మిన్నియాపొలిస్ నగరమున సెయింట్ ఆంథొనీ జలపాతముగా దుమికి ప్రవహించును. డకోటా జాతివారికి అది పవిత్ర స్థలము. 1856 లో ఏర్పడిన యొక కంపెనీ ఆ జలపాతపు పడమటి యొడ్డునందలి జలశక్తికి హక్కు సంపాదించెను. వాష్‌బర్న్ ఆ కంపెనీలో ముఖ్యుడు. నది ప్రక్కన కాలువ త్రవ్వి, అందు పారు నీటిని పాళ్లుగా విభజించి మరలవారికి కౌలున కిచ్చుట వారి వ్యాపారము. మన చెరువుక్రింద నీటివంతులు పంచుకొనునట్టిదే. అయితే అచ్చట నీరు పొలమును తడుపుటకు గాక చక్రమును త్రిప్పుటకు. మొదట చాలయేండ్లు నష్టమే వచ్చినది. అన్నదమ్ముల సొమ్మంతయు ఆ కాలువలో మునిగెనని జనులు నవ్విరి. 1866 లో వాష్‌బర్న్ తానే యొక పెద్ద పిండిమరను కట్టించెను. అంత పిండిని కొనువారెవ్వరని యూరివారు ఆ మరకు వాష్‌బర్ను వెఱ్ఱి యని పేరు పెట్టిరి.

ఆ వెఱ్ఱికి మందు రవ్వలో దొరికినది. ఈ సంగతి కొంచెము విపులముగా చెప్పవలెను. మిన్నెసోటా చలిసీమలో గోధుమలను వసంతమున విత్తుదురు. ఆ గింజ గట్టిది, పైతొక్క పెళుసు. తిరుగలిరాళ్లనడుమ పడినపుడు తొక్క పొడియై పిండితో కలిసిపోవును. అందుచే పిండి నల్లబడి, వేడికి చెడి, సంతలో తక్కువ వెలకు పోవుచుండెను. గింజ నడుమనుండు రవ్వలోనే మంచి సత్తువ గలదు గాని, దానిని తవుడునుండి వేరుచేయు నుపాయము తెలియదు. అప్పుడు ఎడ్మండ్ లా క్రోయా అను ఫ్రెంచి వంశపు యంత్రకారుడు వాష్‌బర్ను మరలో 1870, 1871 ప్రాంతమున నొక సాధనము నేర్పరచెను. ఊగుచుండు జల్లెడపై రవ్వను పోసి, క్రిందనుండి గాలి విసరినచో తేలికయగు తవుడు లేచిపోవును, బరువైన రవ్వ నిలుచును. మన యాడువారు చాటతో చెరుగునపుడు చేయునది ఇదియే. ఆ రవ్వను మరల విసరగా వచ్చిన పిండి తెల్లనై, రొట్టెకు శ్రేష్ఠమై, తూర్పు సంతలలో అన్నిటికంటె హెచ్చు వెలకు పోయెను. ఎవరికిని పనికిరానిదనుకొన్న గోధుమయే శ్రేష్ఠమైన గోధుమ యయ్యెను. ఆ సీమ రైతులకు కలిగిన లాభము చెప్పనలవి కాదు.

పిండి యున్నను పోవుటకు దారి లేకున్న ఫలమేమి? ఆ కాలమున రైలుకంపెనీలు చికాగో, మిల్వాకీ నగరముల వర్తకులకు అనుకూలములు. గోధుమలను గింజలుగానే తమ నగరములకు తరలించుకొనుటయే వారికి లాభము. మిన్నియాపొలిస్ మరలకు వారి పద్ధతులు ప్రతికూలములు. అందుచే 1870 లో వాష్‌బర్ను సోదరులును, ఇతర మరల యజమానులును చేరి మిన్నియాపొలిస్ సెయింట్ లూయిస్ రైల్వేను స్థాపించిరి. దానిని నడుపుటలో తమ్ముడు విలియము ముఖ్యుడు. పొలములనుండి గోధుమ వ్యాగనులలో మరగోడవద్దకే వచ్చుట, పిండి పీపాలలోను సంచులలోను నింపబడి అచ్చటనుండియే బయలుదేరుట. నదికిని నగరమునకును నడుమ ఆ కొద్దిపాటి చోటులో మరలును, పట్టాలును, గోధుమ గాదెలును ఒకదానినొకటి ఒరసికొని పెరిగినవి. రైలుయార్డును మరయు వేరని చెప్ప వీలులేకుండెను. నీటిబలము ఒక ప్రక్క, రైలుబలము ఒక ప్రక్క.

1874 లో ఇతడు కట్టించిన రాతిమర ఏడంతస్తులకు మించినది. దానిని ఏ మర యనిరి. ఆ దేశమున నంతటి పిండిమర వేరొకటి అప్పటికి లేదు. గింజను బెల్టునకు కట్టిన చిన్న డొక్కులు మీది యంతస్తునకు చేర్చును. అచ్చటనుండి అది తన బరువుచేతనే ఒక్కొక్క యంతస్తు దిగుచు శుభ్రపడి, నలిగి, జల్లింపబడి, క్రింద పిండియై వెలువడును. ఈ డొక్కుల వరుసను పిండిమరలో మొదట నమర్చినవాడు ఆలివర్ ఎవాన్స్ అను అమెరికావాడు. 1790 లో దానికి హక్కుపత్రము పొందెను. పంచతంత్రమున కప్పలరాజు బావినుండి వెలికి వచ్చుటకు సాధనమైన అరఘట్టమును చదివినవారికి అది క్రొత్తగా తోచదు. మన వడ్లమరలలో నేటికిని ఎలివేటరు పేర నున్నది అదియే. 1872 జనవరి మొదలు రెండేండ్లు విస్కాన్సిన్ రాష్ట్రమునకు గవర్నరుగానుండి, మద్యవిక్రయమును కట్టుదిట్టముచేయు చట్టమును బలపరచినందున జర్మను జాతీయుల యోట్లు పోగొట్టుకొని, 1873 ఎన్నికలలో నోడిపోయి, వాష్‌బర్న్ మరల మరలకే తిరిగివచ్చెను.

1878 మే 2 వ తేదీ గురువారము. మన పంచాంగరీత్యా అది బహుధాన్య నామ సంవత్సరము. ధాత, ఈశ్వర సంవత్సరముల ఘోరక్షామమున మన చెన్నరాజధానిలో లక్షలమంది మరణించిన పిమ్మట వచ్చిన యేడు. ఆ కరవుపనులలోనే చెన్నపట్టణములోని భాగమును త్రవ్వించి మన కాలువకు బకింగుహాము ప్రభువు పేరు పెట్టిరి. ఇచ్చట గింజలేక జనులు మరణించిరి. ఆ సాయంకాలము అచ్చట గింజల రాసుల నడుమనే మరణించిరి. పగటిపనివారు ఇండ్లకు పోయిరి. రాత్రిపనివారు పదునలువురు ఏ మరలో ప్రవేశించిరి. ఏడు గంటల ప్రాంతమున పిడుగుపాటువంటి ధ్వని పుట్టెను. ఏడంతస్తుల రాతిగోడలు పగిలి, కప్పు ఆకాశమున కెగసి, మర నేలమట్టమయ్యెను. ప్రక్కనున్న మరలు రెండు ఆ వెంటనే పేలినవి. అగ్ని వ్యాపించి మరికొన్నింటిని దహించెను. ఆ శబ్దము పది మైళ్ల దూరమునందలి సెయింట్ పాల్ నగరమున వినబడెను. ఏ మరలోని పదునలువురిలో నొక్కడును బ్రదుకలేదు. ప్రక్క మరలలో నలువురు మరణించిరి. మొత్తము పదునెనిమిదిమంది. నగరపు మరలశక్తిలో మూడవవంతునకు తక్కువ కాకుండ ఒక్క రాత్రిలో పోయినది.

తొలుత జనులకు కారణము తోచలేదు. మందుగుండు ఎవరో దాచిరనియు, వాయువు పేలెననియు పలువురు పలువిధముల చెప్పుకొనిరి. మరణవిచారణలో విశ్వవిద్యాలయపు ఆచార్యులు పెక్‌హాం, పెక్ అను వారిరువురు ప్రయోగములు చేసి చూపిరి. పిండి రాశిగా నున్నపుడు నిప్పు తగిలినను మెల్లగ మాడును గాని మండదు. ఆ పిండియే సన్నని ధూళియై మూసిన గదిలో గాలితో కలిసియున్నపుడు ఒక్క మిణుగురు చాలును. మన పల్లెలలో వీథిభాగవతము చూచినవారు దీనిని సులభముగా గ్రహింపగలరు. రాక్షసపాత్ర ప్రవేశించునపుడు కాగడాపై గుగ్గిలపుపొడి చల్లగా భగ్గున మంట లేచును; ఆ గుగ్గిలమునే ముద్దగా నుంచిన అట్లు లేవదు. ఏ మరలో రవ్వను శుభ్రపరచుటకు విసరిన గాలియే సన్నని పిండిని లేపి గొట్టములలోను, గదులలోను నింపినది. గింజ లేక వట్టిగా తిరిగిన రాళ్ల యొరపిడిచే నిప్పురవ్వ పుట్టెనని నిర్ణయించిరి. ఏ గాలి ఆ యజమానికి ఐశ్వర్యము తెచ్చెనో ఆ గాలియే పదునెనిమిదిమంది ప్రాణములను తీసికొనెను.

మన ధర్మశాస్త్రములలో గృహస్థునకు పంచసూనలు చెప్పబడినవి. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు రోకలి, నీటికుండ అను నైదును తెలియక జీవహింస కలుగు స్థానములు. ఆ దోషము పోవుటకే నిత్యము పంచమహాయజ్ఞములు విధింపబడినవి. తిరుగలివద్ద నలిగిపోవు చీమకే పెద్దలు ప్రాయశ్చిత్తము చెప్పిరి. ఏడంతస్తుల తిరుగలికి ఏమి చెప్పియుందురో! చదువుకొను దినములలో ఈ శ్లోకమును వల్లించితిమే గాని, దాని యర్థము మాకు మర యొద్దనే తెలిసినది.

వాష్‌బర్నునకు అప్పుడు అరువదియేండ్లు. అతడు విస్కాన్సిన్‌నుండి వచ్చి, పొగ యింక నారని యా చోట అడుగులతో కొలిచి, పోయినదానికంటె పెద్ద మరకు స్థలము గురుతించెనని చెప్పుదురు. ఈ కథను అతని ధైర్యమునకు నిదర్శనముగా వ్రాయుట పరిపాటి. మాకు మాత్రము ఆ దినమున కొలతకంటె ముందు చేయవలసిన పనులు కొన్ని యుండెనని తోచును. కాని యతడు కొలిచి యూరకుండలేదు. ఎందుచేత పేలెనో దానిని తెలిసికొని, మరల నట్లు జరుగకుండ కట్టవలెనని నిశ్చయించెను. విలియం డి లా బార్ అను ఆస్ట్రియా దేశపు ఇంజనీరును పనిలో పెట్టుకొనెను. ఈతడు ధూళిని గాలినుండి పట్టివేయు యంత్రములను మరలలో నమర్చెను. హంగరీ దేశమున రాళ్లకు బదులు రోలర్లతో గోధుమను క్రమక్రమముగా నలుపుచున్నారని విని, వాష్‌బర్న్ అతనిని అచ్చటికి పంపెను. ఆ మరలవారు తమ విద్యను పరులకు చూపరు. డి లా బార్ ఎట్లో ప్రవేశించి చూచి, మనస్సున పటము గీసికొని తిరిగివచ్చెను. 1880 లో క్రొత్త ఏ మర లేచెను. రాళ్లు పోయి రోలర్లు వచ్చినందున వట్టిరాళ్ల నిప్పురవ్వ భయమును తగ్గెను, పిండియు మునుపటికంటె మేలయ్యెను. ఆ యేడు సిన్సినాటి నగరమున జరిగిన మరలవారి ప్రదర్శనమున వీరి పిండికి బంగారు పతకము లభించెను. నేటికిని ఆ పిండి గోల్డ్ మెడల్ అను పేరనే అమ్మబడుచున్నది. 1877 లో జాన్ క్రాస్బీ భాగస్వామిగా చేరినందున కంపెనీకి వాష్‌బర్న్ క్రాస్బీ యని పేరు వచ్చినది. ప్రతిస్పర్ధియైన పిల్స్‌బరీ కంపెనీయు ఆ నదియొడ్డుననే వృద్ధిచెందెను. ఈ మరలన్నిటివలన 1880 మొదలు సుమారు 1930 వరకు లోకమున పిండికి మిన్నియాపొలిసే రాజధానిగా నుండెను.

ఇతని దానములలో మొదట చెప్పవలసినది విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు కట్టించి యిచ్చిన నక్షత్రశాల. దూరదర్శిని కటకము 15.6 అంగుళములది. ఆ నాటి అమెరికాలో పెద్దవానిలో నొకటి. మాడిసన్ నగరమునందలి తన భవనమును, తోటను 1881 లో కతోలిక సన్న్యాసినుల పాఠశాలకు ఇచ్చివేసెను. తాను ఆ మతమువాడు కాడు. లా క్రాస్ నగరమున గ్రంథాలయమునకు 50,000 డాలర్లు వ్రాసెను. వీని నన్నిటిని మించినది మరణశాసనములోనిది. మిన్నియాపొలిసున అనాథ శిశువుల యాశ్రమమునకు 375,000 డాలర్లు. బిడ్డ ఏ జాతిదని గాని, ఏ మతముదని గాని విచారింపరాదని నియమము. పదునెనిమిదిమంది మరణమే యతని నిట్లు ప్రేరేపించినదని ఆ నగరమున చెప్పుకొందురు. కులసంఘ సంచికలో ఆ నియమమును మేము ప్రత్యేకముగా పేర్కొనుట కొందరికి వింతగా తోచవచ్చును. మన సంఘ విద్యార్థి వసతిగృహపు నిధికి చందాలిచ్చు పోషకులు దీనిని గూర్చి యొకమారు తమలో తాము మాటలాడుకొందురుగాక యని కోరుచున్నాము. మరలలో బస్తాలు మోయువారి బిడ్డలందరు మన కులమువారు కారు.

1881 లో వాష్‌బర్నునకు పక్షవాతము వచ్చెను. చికిత్సకై యనేక స్థలములు తిరిగి, తుదకు ఆర్కాన్సా రాష్ట్రమున యురేకా స్ప్రింగ్స్ అను ఊటనీళ్ల క్షేత్రమునకు పోయి, 1882 మే మాసమున నచ్చటనే దేహము చాలించెను. అరువదినాలుగేండ్ల యాయువు. లా క్రాస్ నగరమున సమాధి కట్టిరి. తమ్ముడు విలియము 1883 లో చికాగో జోలికి పోకుండ తూర్పునకు పిండిని చేర్చు వేరొక రైలుదారిని ప్రారంభించి, అన్నగారి తలంపును కొనసాగించెను. 1885 లో మరణించిన పనివారి పేర్లు పదునెనిమిదియు చెక్కిన శిలాస్తంభము మిన్నియాపొలిసు శ్మశానవాటికయందు నిలుపబడెను. అనాథాశ్రమము 1886 లో తెరువబడెను.

వాష్‌బర్న్ క్రాస్బీ కంపెనీ 1928 లో ఇతర మరలతో కలిసి జనరల్ మిల్స్ అయ్యెను. గోధుమయు రైళ్లును వేరుదారులు పట్టిన పిదప 1965 లో ఏ మర మూతపడినది. 1991 లో మరల నగ్నికి ఆహుతి కాగా మిగిలిన రాతిగోడలనడుమ 2003 లో ఒక ప్రదర్శనశాల యేర్పరచిరి. రైలుయార్డులో చాలభాగము ఇప్పుడు వీథులును ఇండ్లునైనది. అనాథాశ్రమము మాత్రము రూపము మార్చుకొని నిలిచియున్నది. కాలక్రమమున బిడ్డలను ఇండ్లయందే పెంచు పద్ధతి రాగా, ఆ నిధి శిశువుల మనోవ్యాధులకు చికిత్స చేయు సంస్థగా మారినది. వాష్‌బర్ను పేరనే నేటికిని నడచుచున్నది. అతని భార్య జెనెట్ భర్త పోయిన తరువాతను ఇరువదియేడేండ్లు చికిత్సాలయమున జీవించి 1909 లో గతించెను.